తుడిచి తుడిచి పాడైన నల్ల కారు

మా బావగారు ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్ళి మూడేళ్ళు ఉండవలసి వచ్చినప్పుడు, 2012లో కొన్న తన నల్లని మెర్సిడెస్ ఈ క్లాస్ కారును కూకట్‌పల్లిలోని అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనే ఉంచి, తాళాలు వాచ్‌మన్‌కు అప్పగించి వెళ్ళారు. వారానికోసారి ఇంజను స్టార్ట్ చేయాలనీ, రోజూ పొద్దున్నే ఒకసారి తుడవాలనీ ఒప్పందం. అందుకు నెలనెలా డబ్బు కూడా పంపారు. ఇంజను సంగతి వాచ్‌మన్ ఆరు నెలల్లోనే మరిచిపోయాడు గాని, తుడవడం మాత్రం మరవలేదు. తిరిగి వచ్చాక బావగారు నాకు ఫోన్ చేసి, "బ్యాటరీ పోయింది, టైర్లు మార్చాలి, అవి సరే, పెయింట్ మాత్రం చెక్కుచెదరలేదోయ్, ఆదివారం వచ్చి ఒకసారి పాలిష్ కొట్టిపో" అన్నారు. సెల్లార్‌లోని ట్యూబ్‌లైటు వెలుగులో చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. కారును ర్యాంపు ఎక్కించి పదకొండు గంటల ఎండలో నిలిపిన తరువాత మాత్రం ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు.

బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వేలాది సన్నగీతలు సాలెగూడులాగా అల్లుకుని ఉన్నాయి. టాపు మీద, స్లాబు నుంచి కారిన నీటి చుక్కలు ఎండి తెల్లని సున్నపు పొక్కులుగా గట్టిపడ్డాయి. డిక్కీని ఒక వాలులో నిలబడి చూస్తే 'అ, ఆ, ఇ' అని మూడు అక్షరాలు కనిపించాయి. వాచ్‌మన్ ఊరికి వెళ్ళిన ఏ వారంలోనో దుమ్ము పేరుకున్నప్పుడు పిల్లలెవరో వేలితో దిద్దిన అక్షరాలవి. దుమ్ము పోయినా పెయింట్‌లో మిగిలిపోయాయి. 'అ' చివర వంపు తిరిగే చోట గోరు తగిలినట్టుంది, అక్కడ గీత మిగిలినవాటి కన్నా లోతుగా ఉంది. డ్రైవరు పక్క డోరు మీద ఎవరో తాళంచెవితో గీసిన జానెడు గీత ఒకటి వేరే ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

చూసినవారంతా ఒకటే మాట అన్నారు: పట్టించుకునేవారు లేక కారు పాడైపోయింది అని. నేను ఒప్పుకోను. ఈ కారు పట్టించుకోవడం వల్లనే పాడైంది. మూడేళ్ళు, సుమారు వెయ్యి రోజులు, వెయ్యిసార్లు పొడిగుడ్డతో తుడవకుండా, దుమ్ములోనే వదిలేసి ఉంటే ఇందులో ముప్పాతిక వంతు గీతలు పడేవే కావు. ఇంతకన్నా ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఇలాంటి కారును బాగుచేసేటప్పుడు కూడా సరిగ్గా అదే జబ్బు మనల్ని పట్టుకుంటుంది. ఒక్క గీత కూడా మిగలకూడదన్న పట్టుదలతో పాలిషింగ్ మెషిన్ పట్టుకున్నవాడు, పొడిగుడ్డ పట్టుకున్న వాచ్‌మన్ కన్నా ఎక్కువ నష్టం చేయగలడు. వాచ్‌మన్‌కు వెయ్యి రోజులు పట్టింది, మెషిన్‌కు ఒక్క పూట చాలు.

ఇది నా వృత్తి కాదు. పదేళ్ళుగా సెలవు రోజుల్లో సొంత కారుతో మొదలుపెట్టి, బంధువుల కార్లూ ఆఫీసు మిత్రుల కార్లూ పాలిష్ చేస్తూ వచ్చాను. వృత్తిగా చేసేవారికి ఉండే తొందర నాకు లేదు, నాకు ఉండే భయం వారిలో చాలామందికి లేదు. ఈ భయం నాకు ఎలా వచ్చిందో కూడా చెబుతాను.

ముందు ఈ గీతలు ఎందుకు గుండ్రంగా కనిపిస్తాయో చూద్దాం. ఇంట్లో రోజూ తోమే పాత స్టీలు పళ్ళేన్ని బల్బు కిందికి తీసుకువెళ్ళి చూస్తే, బల్బు ప్రతిబింబం చుట్టూ వలయాలు వలయాలుగా గీతలు కనిపిస్తాయి. పళ్ళేన్ని పక్కకు జరిపితే ఆ వలయాలూ ప్రతిబింబంతో పాటే జరుగుతాయి. నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉన్నాయి. వెలుగు వచ్చే దిశకు అడ్డంగా ఉన్నవి మాత్రమే దాన్ని మన కంటివైపు మళ్ళిస్తాయి కాబట్టి, మన కంటికి వాటి వరుస వలయంగా తోస్తుంది. "గుండ్రంగా తుడిచాడు కాబట్టి గుండ్రటి గీతలు పడ్డాయి, నిలువుగా తుడవమని ఎన్నిసార్లు చెప్పానో" అని బావగారు వాచ్‌మన్ మీద విసుక్కున్నప్పుడు, వంటింట్లోంచి పళ్ళెం తెప్పించి ఆయనకు ఇదే చూపించాను. నిలువుగా తుడిచినా అడ్డంగా తుడిచినా దుమ్ము మీద పొడిగుడ్డ గుడ్డే.

ఇక నల్ల రంగు మీదనే ఇంత ఘోరంగా ఎందుకు కనిపిస్తాయంటే, గీత పడింది నల్ల రంగులో కాదు, దాని పైన ఉన్న పారదర్శకమైన క్లియర్ కోట్‌లో. తెల్ల కారు మీద కూడా అదే క్లియర్ కోట్, అవే గీతలు. అయితే తెలుపు తన మీద పడిన వెలుగునంతా తిరిగి పంపిస్తుంది కాబట్టి గీత మెరుపు ఆ వెలుగులో కలిసిపోతుంది. నలుపు వెలుగునంతా మింగేస్తుంది, గీత అంచు నుంచి చెదిరిన కాస్త మెరుపు ఒక్కటే మిగిలి కంటికి తగులుతుంది. నల్ల కారుకు గీతలు ఎక్కువగా పడవు, పడ్డవాటిని అది దాచుకోలేదు, అంతే.

మనం పెయింట్ అని పిలిచేది నాలుగు పొరలు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్. కంపెనీ నుంచి వచ్చిన చాలా కార్లకు ఈ నాలుగూ కలిపి 100 నుంచి 140 మైక్రాన్ల దాకా ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). జెరాక్స్ కాగితం ఒక్కటి తీసి వేళ్ళ మధ్య పట్టుకోండి, అది సుమారు 100 మైక్రాన్లు. లక్షలు పోసి కొన్న కారు అందమంతా ఆ ఒక్క కాగితం మందంలో ఉంది. అందులో క్లియర్ కోట్ వాటా 40 మైక్రాన్లు, అటూ ఇటుగా. కింది రంగును ఎండ నుంచి కాపాడే రసాయనాలు ఉండేదీ ఈ క్లియర్ కోట్‌లోనే. దాన్ని బాగా పల్చన చేసిన కారు మొదటి రోజున అద్దంలా మెరుస్తుంది. రెండు మూడు వేసవుల తరువాత టాపు మీదా బానెట్ మీదా తెల్లగా పొలుసులు లేస్తుంది. మన రోడ్ల మీద పదేళ్ళు దాటిన కార్లలో ఆ పొలుసుల జబ్బు ఎన్నిటికి ఉందో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూస్తే తెలుస్తుంది. ఎండ ఒక్కటే అంత పని చేసిందని నేను అనుకోను.

గీతను "తీసేయడం" అనే మాట దగ్గరే మొదటి తప్పు జరుగుతోంది. గీత అంటే ఒక గుంట. గుంటను తీసేయడం ఎవరి తరమూ కాదు. గుంట అడుగు ఎంత లోతులో ఉందో అంతవరకూ చుట్టుపక్కల నేలనంతా చెక్కి చదును చేస్తే గుంట కనిపించకుండా పోతుంది. పాలిషింగ్ అంటే అచ్చంగా ఇదే. మూడు మైక్రాన్ల లోతు గీత ఒకటి బానెట్ మధ్యలో ఉంటే, దాన్ని పూర్తిగా మాయం చేయడానికి ఆ చుట్టుపక్కల మూడు మైక్రాన్ల క్లియర్ కోట్‌ను బలి ఇవ్వాలి. పైపై గీతల విషయంలో ఈ బేరం లాభమే, ఎందుకంటే ఒకటి రెండు మైక్రాన్లతో వేల గీతలు ఒకేసారి పోతాయి. లోతు గీతల విషయంలో మాత్రం ఇది ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం.

నా భయం కథ ఇది. మొదటి రోజుల్లో నా సొంత కారు, అదీ నల్లదే, చిన్న హ్యాచ్‌బ్యాక్. ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి, వెనుక డోరు మీద హ్యాండిల్ కింద పొడుగునా వెళ్ళే మడత గీటు మీద ఒక గీత కోసం పట్టుబట్టాను. మడతల మీద, అంచుల మీద పెయింట్ సహజంగానే పల్చగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా ఆ సన్నని గీటు మీదే పడుతుంది, వేడి కూడా అక్కడే పుడుతుంది. ఈ మూడూ నాకు అప్పటికి పుస్తకజ్ఞానంగా తెలుసు. గీత ఇంకొంచెమే ఉంది, ఇంకొక్కసారి అనుకుని మెషిన్ ఆనించాను, ఆపి చూసేసరికి తెల్లగా ఉండవలసిన ప్యాడ్ నల్లగా మారింది. క్లియర్ కోట్ ఉన్న కారుకు పాలిష్ చేస్తుంటే ప్యాడ్‌కు కారు రంగు అంటకూడదు. అంటిందంటే మనం పైపొరను దాటి రంగులోకి దిగామన్నమాట. డోరు మీద రూపాయి బిళ్ళంత మేర మెరుపు లేని మసి మరక మిగిలింది. అయిదు సెకన్ల పని. ఆ డోరుకు మొత్తంగా పెయింట్ వేయించాల్సి వచ్చింది, ఆ పెయింట్ మిగిలిన కారు నలుపుతో ఏనాడూ కలవలేదు. మొదట నేను వెంటపడిన గీతను నేను తప్ప ఇంకెవరూ చూసి ఉండరు.

బావగారి కారు దగ్గరికి వద్దాం. వాచ్‌మన్‌ను పిలిచి ఏ గుడ్డతో తుడిచేవాడివని అడిగితే, సందేహంగా నా ముఖంలోకి చూసి, చిరిగిన బనియను ఒకటి తెచ్చి చూపించాడు. "ఒక్క రోజు కూడా మానలేదు సార్, ఊరికి పోయినప్పుడు తప్ప" అన్నాడు. అతను చెప్పింది నిజం, అదే మా దురదృష్టం. దుమ్ము మెత్తగా ఉంటుందని మనం అనుకుంటాం గాని, హైదరాబాదు నిలబడిందే రాతి మీద. ఆ రాతి పొడి, కట్టడాల ఇసుక, అన్నిట్లోనూ స్ఫటిక రేణువులు ఉంటాయి. స్ఫటికం ఏ క్లియర్ కోట్ కన్నా గట్టిది. దాని మీద పొడి బనియను పెట్టి లాగితే బనియను చేసేది గరుకు కాగితం పనే. ఇందులో వాచ్‌మన్ తప్పు నాకు అన్నిటికన్నా తక్కువగా కనిపిస్తుంది. తెల్లవారి ఏడున్నరకల్లా ఇరవై కార్లు మెరవాలని అడిగేది ఓనర్లు, ఇచ్చేది ఒక బకెట్టు, ఒక పాతగుడ్డ, కారుకు నెలకు నాలుగైదు వందలు. మొదటి కారు బురద ఇరవయ్యో కారు గీత అవుతుంది. తిలాపాపం తలా పిడికెడు. దుమ్ము పట్టిన కారును చూస్తే పక్కింటివారు ఏమనుకుంటారో అన్న బెంగ మనకు ఉన్నంతకాలం ఆ బనియనుకు పని తప్పదు. గాలికి కదిలే కారు కవరూ చేసేది ఇదే పని, కాకపోతే దానికి జీతం ఇవ్వనక్కరలేదు.

పని మొదలుపెట్టే ముందు మందం కొలిచే మీటరుతో కారంతా కొలిచాను. ఈ కారు బానెట్ అల్యూమినియం, డోర్లు ఉక్కు, కాబట్టి రెండిటినీ చదవగలిగే మీటరు కావాలి; ప్లాస్టిక్ బంపర్ల మీద ఇలాంటి మీటరు ఏమీ చెప్పదు. బానెట్ 106 నుంచి 114, డిక్కీ 112 నుంచి 120, టాపు ఇంకొంచెం ఎక్కువ. ఎడమ వెనుక డోరు దగ్గరికి వచ్చేసరికి 240. "ఈ డోరుకు పెయింట్ పడింది బావా" అంటే, "ఈ కారు ఇంతవరకు ఎక్కడా తగల్లేదు" అని ఆయన గట్టిగా అన్నారు. లోపలి నుంచి అక్క, "గేటుకు గీకింది మీరే కదండీ, మీ నాన్నగారి సంవత్సరీకం రోజున" అని గుర్తుచేసింది. బానెట్ ముందు అంచున ఒకచోట 91 కనిపించింది. ఎవరో, ఎప్పుడో, సర్వీసింగ్‌లో ఉచితంగా వస్తుందని రబ్బింగ్ కొట్టి ఉంటారు. మరిచిపోకుండా నేను చాక్‌పీసుతో ముందు అద్దం మీద గుర్తు పెట్టుకున్నాను, ఆ అంచు జోలికి ప్యాడ్ వెళ్ళకూడదని.

ఈ మీటరును నమ్మడంలో కూడా ఒక తిరకాసు ఉంది. అది చెప్పేది నాలుగు పొరల మొత్తం మందం. అందులో క్లియర్ కోట్ ఎంత మిగిలి ఉందో అది చెప్పదు. పైగా మామూలు మీటర్లకు రెండు మూడు మైక్రాన్ల తేడా సహజం, మనం ఒక విడత పాలిష్‌లో తీసేదే అంత. అంటే మనం ఎంత ఖర్చు పెడుతున్నామో ఆ క్షణంలో మనకు కచ్చితంగా తెలిసే మార్గం లేదు. ఖాతాలో నిల్వ ఎంతో తెలియకుండా చెక్కులు రాయడమే ఇది. అందుకే చిన్న చెక్కులే రాయాలని నేను వాదించేది.

కడగడానికే ఒక పూట పట్టింది. ముందు గుడ్డ తగలకుండా నీటి ధారతో దుమ్మునంతా దింపి, నురుగు పట్టించి, రెండు బకెట్ల పద్ధతిలో, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గ్లవ్ జాడించే మంచినీళ్ళు పెట్టుకుని కడిగాను. టాపు మీద సున్నపు పొక్కుల్ని గోటితో గిల్లబోయిన బావగారి చేతిని పట్టుకుని ఆపవలసి వచ్చింది. స్లాబులోంచి ఊరిన నీరు సిమెంటులోని సున్నాన్ని కరిగించి మోసుకువచ్చి కారు మీద చుక్కగా వదులుతుంది, నీరు ఆరి సున్నం రాయవుతుంది. సున్నానికి విరుగుడు పులుపు. తెల్ల వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి, పొక్కుల మీద కొద్ది నిమిషాలు పరిచి, కడిగేసి, మళ్ళీ పరిస్తే మూడో విడతకు వాటంతట అవే ఊడి వచ్చాయి. కొన్నిటి కింద క్లియర్ కోట్ తినేసిన వలయాలు మాత్రం మిగిలాయి. తరువాత క్లే, పూరీ పిండి ముద్దలాంటి పదార్థం, దాన్ని సబ్బునీటి జారుడు మీద నడిపితే చేతికి గరగరలాడే చెత్తనంతా లాగేస్తుంది. బోరు నీళ్ళు ఎండలో ఆరనిస్తే కొత్త మచ్చలు పడతాయి కాబట్టి ఎప్పటికప్పుడు మైక్రోఫైబర్ తువ్వాలుతో అద్దుతూ వచ్చాను. మిగతా కడుగుడు అందరికీ తెలిసిందే.

డిక్కీ మీద, సరిగ్గా ఆ 'అ' ఉన్నచోట, రెండడుగుల చదరం టేపు అంటించి పరీక్ష మొదలుపెట్టాను. ఎప్పుడూ అన్నిటికన్నా మెత్తని పద్ధతితో మొదలుపెట్టి, పని జరగకపోతేనే ఒక మెట్టు ఎక్కాలి. చాలా షాపుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. ఎక్కువగా ఒరిపిడి చేసే గరుకు కాంపౌండ్‌తో మొదలుపెడితే మొదటి విడతలోనే ఫలితం కనిపిస్తుంది, కస్టమర్ ఎదుట ఫొటో తీయడానికి బాగుంటుంది. నా మెత్తని స్పాంజి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ ఆ గీతల్ని తాకినట్టు కూడా లేదు. కారణం ఉంది. 2003 చివరి నుంచి మెర్సిడెస్ తన కార్లకు నానో కణాలు కలిసిన గట్టి క్లియర్ కోట్ వాడడం మొదలుపెట్టింది. గట్టి క్లియర్ కోట్ మీద గీత పడడమూ కష్టమే, పడ్డ గీత పోవడమూ కష్టమే. రెండో మెట్టు, మధ్యరకం పాలిష్, సగం తీసింది. మూడో మెట్టుగా తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్‌కు మైక్రోఫైబర్ ప్యాడ్ తగిలించి, శనగగింజంత కాంపౌండ్ నాలుగు బొట్లు పెట్టి, సెకనుకు అంగుళం చొప్పున, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేలా, అడ్డంగా మూడుసార్లు, నిలువుగా మూడుసార్లు నడిపాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీటితో పల్చన చేసి తుడిచి, జిడ్డంతా పోయాక, టార్చి వేసి చూశాను.

టేపుకు ఇవతల అదే సాలెగూడు. అవతల, నలుపు లోపలికి పిలుస్తున్నట్టు ఉంది. టార్చి బల్బు నూతిలోని చుక్కలాగా స్పష్టంగా, ఒంటరిగా కనిపించింది, దాని చుట్టూ వలయాలు లేవు. అబ్సిడియన్ బ్లాక్ అని ఈ రంగుకు పేరు. ఉత్త నలుపు కాదు, లోపల సన్నని లోహపు రజను ఉంటుంది, అది ఇన్నేళ్ళకు మళ్ళీ మిణుకుమంది. 'అ' తల, కడుపు పోయాయి. గోరు దిగిన వంపు ఒక్కటి, చిన్న కామా అంత, మిగిలింది. బావగారు నా భుజం మీదుగా వంగి చూసి, "అదొక్కటీ కూడా లాగేయరాదూ" అన్నారు.

ఆ ఒక్క కోరికలోనే ఈ పని ప్రమాదమంతా ఉంది. గోటితో దాన్ని అడ్డంగా గీకి చూశాను, గోరు తట్టుకుంది. గోరు ఆగిందంటే ఆ గీత లోతు మనం ఖర్చు పెట్టగల పరిమితిని దాటిందని లెక్క. ఇది ప్రయోగశాల కొలత ఏమీ కాదు, మొరటు లెక్కే, అయినా నన్ను ఇంతవరకు మోసం చేయలేదు. పోవాలంటే రెండు వేల నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్ది, ఆ గరుకు కాగితపు గీతల్ని మళ్ళీ కాంపౌండ్‌తో తీయాలి. కామా అంత గుర్తు కోసం అరచేయంత మేర క్లియర్ కోట్ ఎంత పోతుందో ఆ మీటరు కూడా నమ్మకంగా చెప్పలేదు. నేను వద్దన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు గాని ఊరుకున్నారు.

నాతో ఏకీభవించని మిత్రులు ఉన్నారు. వారిలో ఒకరు ఈ పనిలో నాకన్నా చెయ్యి తిరిగినవారు. నూటికి తొంభై అయిదు పాళ్ళు గీతలు పోకపోతే దాన్ని పని అనకూడదంటారు. ఆయన వాదంలో బలం లేకపోలేదు. ఎండలో తిరగని, ఏడాదికి రెండు వందల కిలోమీటర్లు కూడా నడవని ప్రదర్శన కారుకు అది సబబే కావచ్చు. క్లియర్ కోట్ దండిగా ఉన్న కొత్త కారుకు ఒకసారి చేస్తే ప్రాణం పోదు. కాని బావగారి కారు రేపటి నుంచి మళ్ళీ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో తిరగాలి, బైకుల హ్యాండిళ్ళ మధ్య నుంచి దూరాలి, నాలుగేళ్ళకు మళ్ళీ ఒకసారి ఎవరో పాలిష్ చేయాలి. ఇవాళే అంతా గీకేస్తే ఆనాటికి ఏం మిగులుతుంది? ఇంకో లెక్క కూడా ఉంది. పాత కార్లు కొనేవారు ఈమధ్య మీటరు పట్టుకునే వస్తున్నారు, "కంపెనీ పెయింటేనా" అన్నదే వారి మొదటి ప్రశ్న. సన్నగీతలు కొన్ని ఉన్న కంపెనీ పెయింట్‌కు, గీత లేని రీపెయింట్‌కు మధ్య, కారు తెలిసినవారు దేన్ని ఎంచుకుంటారో చెప్పనవసరం లేదు.

ఇక, పెయింట్ తీయకుండానే గీతలు మాయం చేస్తామనే షాపులు. నా మిత్రుడొకరు ఒకచోట తన నల్ల కారుకు బాగానే డబ్బు పోసి 'స్క్రాచ్ రిమూవల్' చేయించారు. షాపు పేరు అనవసరం. ఇంటికి వచ్చినరోజు నేనూ మెచ్చుకున్నాను. రెండు వానలు, మూడు కడుగుళ్ళు అయ్యేసరికి గీతలన్నీ తిరిగి హాజరు. జరిగింది ఏమిటంటే, నూనెలు కలిసిన గ్లేజుతో గుంటలను నింపి వదిలారు. గ్లేజు వాడడం నేరమేమీ కాదు. రేపు పెళ్ళి ఉందంటే నేనే రాసి పంపుతాను. అది చెప్పకుండా రాయడమే అభ్యంతరం. ఆల్కహాల్‌తో ఒక్కసారి తుడిచి చూపించమని అడిగితే నిజం అక్కడికక్కడే బయటపడుతుంది, అడిగే హక్కు మనకు ఉంది.

పాలిష్ అయ్యాక పెయింట్ పైన వేసే సిరామిక్ కోటింగ్ డబ్బా మీద 9హెచ్ అని రాసి ఉండే అంకె గురించి కూడా ఒక మాట. దాన్ని చూసి, ఖనిజాల గట్టిదనం లెక్కలో పదో మెట్టైన వజ్రానికి ఒక మెట్టు కింద అని పొరబడేవారు చాలామంది. అది పెన్సిళ్ళ గట్టిదనం లెక్క. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని దాని అర్థం. మన దుమ్ములో ఉన్నది పెన్సిల్ ముక్కలైతే బాగుండేది. ఒకటి రెండు మైక్రాన్ల ఆ పూత మీద నీరు నిలవదు, మురికి తొందరగా వదులుతుంది, కడగడం తేలికవుతుంది. ఈ సుఖాల కోసమే నేనూ బావగారి కారుకు వేశాను. బనియను మళ్ళీ వస్తే అది అడ్డుకోలేదని కూడా చెప్పే వేశాను.

మొత్తం పని మూడు ఆదివారాలు పట్టింది. పెయింట్ పడిన ఎడమ వెనుక డోరు తన బుద్ధి చూపించింది. కంపెనీలో క్లియర్ కోట్‌ను 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కారు తయారయ్యాక షాపులో అంత వేడి పెడితే ప్లాస్టిక్కులు, వైర్లు కరుగుతాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. పెయింట్ రకమే వేరు, తరచు మెత్తగా ఉంటుంది. మిగతా కారు మీద చక్కగా పనిచేసిన మైక్రోఫైబర్ ప్యాడ్, ఆ డోరు మీద పొగమంచులాంటి మసక వదిలింది. మొదట డిక్కీ మీద ఏమీ చేయలేకపోయిన ఆ మెత్తని స్పాంజే ఇక్కడ ఒంటిచేత్తో పని ముగించింది. ఒకే కారు, ఒకే నలుపు, రెండు రకాల మొండితనం. ప్రతి ప్యానెల్ మీదా విడిగా పరీక్ష చేసుకోవాలన్న నియమాన్ని బద్ధకించినప్పుడల్లా నాకు ఆ డోరు గుర్తొస్తుంది.

డ్రైవరు పక్క డోరు మీద తాళంచెవి గీత రంగు పొరను కూడా దాటి దిగింది. నడుమ బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తోంది. అక్కడ పాలిష్‌కు చేయగలిగింది ఏమీ లేదు. సన్నని కుంచెతో, అద్దం తుడిచినంత ఓపికగా, కంపెనీ రంగు కోడ్ 197 టచప్ పెయింట్‌ను గీత లోపల మాత్రమే పడేలా మూడు రోజులు మూడు పల్చని పూతలు వేశాను. చుట్టుపక్కల మెత్తని పాలిష్ తిప్పేసరికి గీత పదునైన అంచులు గుండ్రబడి, వెలుగును మునుపటిలా విసరడం మానేశాయి. రెండడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. ఆరడుగుల నుంచి, ఎక్కడుందో తెలిసినవారికే కనిపిస్తుంది. బావగారికి తెలుసు కాబట్టి ఆయనకు ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

చివరి ఆదివారం సాయంత్రం వాచ్‌మన్‌కు మెత్తని తువ్వాళ్ళు నాలుగు, ఒక షాంపూ డబ్బా ఇచ్చి, "రోజూ వద్దన్నా, పది రోజులకోసారి నీళ్ళు పోసి కడుగు చాలు, మధ్యలో దుమ్ము ఎంత పట్టినా ముట్టుకోవద్దు" అని చెప్పాను. అతను బావగారి వైపు చూశాడు. "జీతం అదేలే" అని ఆయన అన్నాక తల ఊపాడు.

ఇంటికి బయలుదేరే ముందు మళ్ళీ కారంతా కొలిచి, ప్యానెల్ వారీగా అంకెలు ఒక కాగితం మీద రాసి, ఆర్సీ ఉండే కవర్లో పెట్టాను. రేపు ఈ కారుకు మెషిన్ పట్టుకునేది నేనే కావచ్చు, ఇంకెవరైనా కావచ్చు. డిక్కీ 110 నుంచి 118, పాలిష్ ఒకసారి అయింది. ఎడమ వెనుక డోరు రీపెయింట్, మెత్తని ప్యాడ్ చాలు. బానెట్ ముందు అంచు 91, దాన్ని ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోవద్దు. డిక్కీ మీద 'అ' కొస కావాలనే వదిలేశాను.